కనబడని చాకిరీ: టూరెట్ పిల్లల నవలలు ఎక్కడిదాకా వచ్చాయి

టూరెట్ సిండ్రోమ్ ఉన్న పిల్లవాడు బడిలో పొద్దస్తమానం చేసే పని ఒకటుంది. లెక్కలు చేస్తూనే, నోట్సు రాసుకుంటూనే, మాస్టారు అడిగినదానికి జవాబు చెబుతూనే మెడ విదిలించకుండా, కళ్ళు టపటపలాడించకుండా, గొంతులోంచి శబ్దం తోసుకు రాకుండా ఆపుకుంటూ ఉంటాడు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక, అంతసేపూ ఆపినవన్నీ ఒక్కసారి మీద పడతాయి. అమ్మకి కనిపించేది ఈ రెండో సగమే. మాస్టారికి మొదటి సగం కనబడుతుంది, అదీ పట్టు తప్పినప్పుడు మాత్రమే. అందుకే ఇద్దరూ చివరికి ఒకే మాట అంటారు: "కావాలనే చేస్తున్నాడు." బడిలో ఆపుకోగలిగినవాడు ఇంట్లో ఎందుకు ఆపుకోడని అమ్మకి అనుమానం. నిన్న ఆపుకోగలిగినవాడు ఇవాళ ఎందుకు ఆపుకోడని మాస్టారికి కోపం.

గత పాతిక ముప్ఫై ఏళ్ళలో ఇంగ్లీషులో, అందులోనూ అమెరికాలో, టూరెట్ ఉన్న పిల్లలు ముఖ్యపాత్రలుగా కొన్ని నవలలు వచ్చాయి. పెద్ద సంఖ్యేమీ కాదు. ఆటిజం మీదా, డిప్రెషన్ మీదా వచ్చినన్ని రాలేదు. అయినా వాటిని వరసబెట్టి చదివితే ఒక తేడా స్పష్టంగా తెలుస్తుంది. కొందరు రచయితలు బయటికి తన్నుకొచ్చిన టిక్‌ను, అంటే ఆ కదలికనో శబ్దాన్నో, రాశారు. కొందరు దాన్ని ఆపుకునే చాకిరీని రాశారు. మొదటిది చూసినవాళ్ళెవరైనా రాయగలరు. రెండోది రాయాలంటే ఆ పిల్లవాడి ఒంట్లో కూర్చోవాలి. ఈ నవలల మంచిచెడ్డలన్నీ నాకు ఈ తేడా దగ్గరే తేలాయి.

ముందు జబ్బు సంగతి చెప్పుకుందాం. 1885లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో, నాడీవైద్యుడు షార్కో దగ్గర పనిచేసే జార్జ్ జిల్ ద ల టూరెట్ అనే యువ వైద్యుడు తొమ్మిదిమంది రోగుల గురించి ఒక వ్యాసం రాశాడు. పేరు ఆయనదే నిలిచింది. అంతకు 60 ఏళ్ళ ముందే, 1825లో, ఇటార్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు ఒక జమీందారీ ఇంటి ఆడమనిషిలో ఇవే లక్షణాలను వర్ణించి ఉన్నాడు. ఆ తర్వాత చాలాకాలం దీన్ని మనసు జబ్బుగానో, పెంపకం లోపంగానో చూశారు. 1960లలో ఆర్థర్ షపీరో, ఎలేన్ షపీరో దంపతులు హాలోపెరిడాల్ అనే మందుతో టిక్స్ తగ్గుతున్నాయని చూపించాక, ఇది మెదడుకు సంబంధించిన విషయమని వైద్యలోకం ఒప్పుకోవడం మొదలైంది. 1972లో న్యూయార్క్‌లో కొన్ని కుటుంబాలు కలిసి సంఘం పెట్టుకున్నాయి. అంటే, తల్లిదండ్రులు తమ తప్పేమీ లేదని ధైర్యంగా చెప్పుకోవడం మొదలై ఇంకా 60 ఏళ్ళయినా కాలేదు.

ఇవాళ్టి లెక్క ప్రకారం ఒకటికి మించిన కదలికల టిక్స్, కనీసం ఒక శబ్దపు టిక్, ఏడాది దాటి ఉండి, 18 ఏళ్ళలోపే మొదలైతే దాన్ని టూరెట్ అంటారు. సాధారణంగా ఐదారేళ్ళ వయసులో కళ్ళార్పడంతో మొదలవుతుంది. 10 నుంచి 12 ఏళ్ళ మధ్య ఉధృతంగా ఉంటుంది. ఇరవయ్యోపడి వచ్చేసరికి చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఆడపిల్లల్లో కన్నా మగపిల్లల్లో మూడు నాలుగింతలు ఎక్కువ. ఉధృతం సరిగ్గా ఆరేడు తరగతుల వయసులో రావడం పిల్లల పాలిట శాపం. తోటివాళ్ళు ఎలా నిలబడుతున్నారో, ఎలా నవ్వుతున్నారో ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ కనిపెట్టి చూసే వయసు అదే. ఈ నవలలు ఎక్కువగా ఆ వయసు చుట్టూ తిరగడానికి కారణం కూడా అదే.

టిక్ అనేది పూర్తిగా తెలియకుండా జరిగే కదలిక కాదు. చాలామంది పిల్లలకి ముందు ఒంట్లో ఒక తహతహ పుడుతుంది. మెడలోనో, భుజంలోనో, గొంతు మొదట్లోనో ఏదో బిగుసుకుంటుంది. తుమ్ము వచ్చేముందు ముక్కులో పుట్టే చిరచిర లాంటిది. తుమ్మును కాసేపు ఆపవచ్చు, ఎల్లకాలం ఆపలేం. ఆపినంతసేపూ మనసంతా అక్కడే ఉంటుంది. టిక్ చేశాక ఒక క్షణం ఊరట, మళ్ళీ మొదలు. ఒక్కొక్కరికి అది "సరిగ్గా" వచ్చేదాకా చేయాలనిపిస్తుంది, కుడిభుజం ఎగరేస్తే ఎడమది కూడా ఎగరేస్తే గాని తృప్తి ఉండదు. చూసేవాళ్ళకి ఇందులో ఒక్క ముక్కా తెలియదు. ఈ తహతహ నవలా రచయితకు దొరికిన నిధి. ఎందుకంటే మనిషి లోపల జరిగేదాన్ని చెప్పడంలో కెమెరాకన్నా వాక్యానిదే పైచేయి. విచిత్రం ఏమిటంటే, ఆ నిధిని ముట్టుకున్న పుస్తకాలు తక్కువ.

దానికి బదులు జనం నోట నానింది బూతులు తిట్టే టిక్. అది పదిమందిలో ఒకరికో ఇద్దరికో మించి ఉండదు. అయినా టూరెట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది అదే. 1989లో బీబీసీ 'జాన్స్ నాట్ మ్యాడ్' అనే డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. స్కాట్లండ్‌లోని గాలషీల్స్ ఊళ్ళో 16 ఏళ్ళ జాన్ డేవిడ్సన్ జీవితం అది. అతనికి ఈ బూతుల టిక్ తీవ్రంగా ఉంది. ఆ సినిమా ఎంతో సానుభూతితో తీసినదే, దానివల్ల ఎందరికో తమ జబ్బుకొక పేరుందని తెలిసింది. కానీ ఒక తరం జ్ఞాపకంలో టూరెట్‌కు అతని ముఖమే ముద్రపడిపోయింది. అతని జీవితమే 2025లో 'ఐ స్వేర్' అనే కథాచిత్రంగా వచ్చింది. పిల్లల నవలల్ని ఈ విషయంలో మెచ్చుకోవాలి. వాటిలో చాలావరకు బూతుల జోలికి పోలేదు. గొంతు సవరించుకోవడం, ముఖం చిట్లించడం, కుక్కలా మొరగడం, విన్న మాటనే మళ్ళీ అనడం, ఇలాంటి మామూలు టిక్స్‌నే తీసుకున్నాయి. హాస్యనటులు ఏళ్ళ తరబడి పాడుచేసిన పేరును ఈ పుస్తకాలు కొంతైనా బాగుచేశాయి.

ఈ నవలలకు ముందు దారి వేసింది న్యూరాలజిస్టు, రచయిత ఆలివర్ శాక్స్. 1985 నాటి ఆయన పుస్తకంలో రే అనే డ్రమ్ వాద్యకారుడి కథ ఉంది. మందు వేసుకుంటే రే ఉద్యోగం సవ్యంగా చేసుకోగలడు, కానీ డ్రమ్ముల మీద అతని మెరుపు పోతుంది. చివరికి వారమంతా మందు వేసుకుని, శని ఆదివారాలు మానేసే ఒప్పందానికి వస్తాడు. "ఇది పోతే నాలో మిగిలేది ఎవరు?" అన్న ప్రశ్న సాహిత్యంలోకి బలంగా వచ్చింది అక్కడినుంచే. పిల్లల నవలల్లో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. పెద్దవాడైన రేకి తానెవరో కొంత తెలుసు. పన్నెండేళ్ళ పిల్లకి ఇంకా తెలియదు.

1998లో వచ్చిన గ్విన్ హైమన్ రూబియో నవల 'ఐసీ స్పార్క్స్' పెద్దల కోసం రాసిందే, కానీ అందులో బతికేది పదేళ్ళ పిల్ల. 2001లో ఓప్రా విన్‌ఫ్రీ తన పుస్తకాల క్లబ్బుకు ఎంచుకోవడంతో లక్షలమంది చదివారు. 1950లలో కెంటకీ రాష్ట్రపు కొండ ప్రాంతం. తల్లీ తండ్రీ లేని ఐసీ అవ్వాతాతల దగ్గర పెరుగుతుంది. కళ్ళు వెలుపలికి పొడుచుకొచ్చినట్టవడం, కప్పలా బెకబెకమనడం ఆమె టిక్స్. ఆ కాలంలో, ఆ కొండల్లో, దానికి పేరు పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఐసీ చేసేదేమిటంటే, దుంపలు దాచుకునే నేలమాళిగలోకి వెళ్ళి, తలుపు మూసుకుని, అక్కడ అన్నిటినీ వదిలేసి, మళ్ళీ మామూలు పిల్లలా పైకి రావడం.

ఈ నేలమాళిగ గురించి కాస్త ఆగాలి. ఇరవై అధ్యాయాల వైద్య వివరణ చేయలేని పని అది ఒక్కటే చేసింది. ఆపుకోవడానికి ఒక చోటు, వదిలేయడానికి ఒక చోటు ఉండాలని, ఈ రెండు చోట్ల మధ్య నడకే ఈ పిల్ల బతుకని పాఠకుడికి ఒంటితో తెలుస్తుంది. అవ్వాతాతలు పైన పని చేసుకుంటూ ఉంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆమెను ప్రాణంగా చూసుకుంటారు. వాళ్ళ ప్రేమ వల్లనే ఆమె దాచాల్సి వస్తోంది, వాళ్ళను భయపెట్టడం ఇష్టంలేక. తర్వాత ఐసీని పిచ్చాసుపత్రిలో చేర్చే భాగం దీర్ఘంగా సాగుతుంది, అక్కడ పాత్రలు కొంత బొమ్మల్లా మారతాయి. చివర్లో చర్చి పాటల్లో ఆమెకు ఊరట దొరికినట్టు చూపించడం నాకు హడావుడిగా అనిపించింది. జబ్బు పేరు ఆమెకు పెద్దయ్యాకే తెలుస్తుంది. ఆ నిర్ణయం మాత్రం సరైనది. పేరు తెలియని కాలంలో పిల్లలు ఎలా బతికారో చెప్పాలంటే పేరు చెప్పకుండానే చెప్పాలి.

ఆ మరుసటి ఏడాది, 1999లో, జోనథన్ లెథమ్ 'మదర్‌లెస్ బ్రూక్లిన్' వచ్చింది. ఇది డిటెక్టివ్ నవల, పిల్లల పుస్తకం కాదు. అయినా ఈ సమీక్షలో దాన్ని వదలలేను, ఎందుకంటే టూరెట్‌ను వాక్యంలోకి తెచ్చిన తీరులో ఇంకా దాన్ని మించిన పుస్తకం రాలేదు. లయొనెల్ ఎస్రాగ్ అనాథాశ్రమంలో పెరిగిన కుర్రాడు, ఫ్రాంక్ మినా అనే చిల్లర గూండా అతన్ని చేరదీస్తాడు. లయొనెల్ నోట మాటలు విరిగి, తిరగబడి, ఒకదానికొకటి అంటుకుని బయటికొస్తాయి. లెథమ్ ఆ విరుపుల్ని అలంకారంగా అతికించలేదు. వాక్యం నడుస్తూ ఉండగా ఒక పదం లయొనెల్‌ను పట్టుకుంటుంది, అతను దాన్ని వదిలించుకోవాలని చూస్తాడు, ఆ పెనుగులాటలోనే కథ ముందుకు పోతుంది. తర్వాత వచ్చిన పిల్లల రచయితలు చాలామంది టిక్‌ను వాలు అక్షరాల్లో ఒక శబ్దంగా వేసి ఊరుకున్నారు. వాక్యం మాత్రం ఏ ఒడిదుడుకూ లేకుండా సాఫీగా సాగిపోతుంది. పాత్రకు టూరెట్ ఉంది, నవలకు లేదు.

కౌమారుల కోసమే రాసినవాటిలో ముందు చెప్పుకోవాల్సింది జోనథన్ ఫ్రీసెన్ 'జెర్క్, కాలిఫోర్నియా'. 2008లో వచ్చింది. వైకల్యంతో జీవించే పిల్లల అనుభవాన్ని చెప్పే పుస్తకాలకు అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఇచ్చే ష్నైడర్ కుటుంబ పురస్కారం 2009లో కౌమార విభాగంలో దీనికి దక్కింది. ఫ్రీసెన్‌కు స్వయంగా టూరెట్ ఉంది. కథానాయకుడు శామ్ క్యారియర్ హైస్కూలు ముగిస్తున్న కుర్రాడు. ఇంట్లో సవతి తండ్రి పెత్తనం. చచ్చిపోయిన నీ తండ్రి ఎందుకూ పనికిరానివాడు, నువ్వూ అంతే అని ఆ మనిషి రోజూ నూరిపోస్తాడు. అనుకోకుండా తండ్రి గురించి నిజం బయటపడటంతో శామ్ కాలిఫోర్నియా దారి పడతాడు. నయోమి అనే అమ్మాయి వెంట ఉంటుంది.

ఈ నవలలో నన్ను పట్టి ఉంచింది ప్రయాణమూ కాదు, ప్రేమకథా కాదు. శామ్ కోరికల చిట్టాలో అన్నిటికన్నా పైన ఉన్నది ఊరికే కదలకుండా ఉండటం. డబ్బో, పేరో, అమ్మాయో కాదు, కాసేపు ఒళ్ళు ఊరుకోవాలి. ఈ అలసటను బయటినుంచి చూసి రాసేవాళ్ళు పట్టుకోలేరు. వాళ్ళు సిగ్గును రాస్తారు, అవమానాన్ని రాస్తారు, కండరాలు నొప్పిపుట్టే అలసటను మరిచిపోతారు. ఫ్రీసెన్ మరువలేదు. కోపం కూడా మరువలేదు. శామ్ మంచి బాలుడు కాడు, దగ్గరికొచ్చినవాళ్ళను గీరే మనిషి. జబ్బుతో బాధపడే పిల్లలందర్నీ సాధువులుగా చూపించే అలవాటున్న పుస్తకాల మధ్య ఇది పెద్ద ఊరట. లోపం లేదని కాదు. తండ్రి రహస్యం చుట్టూ అల్లిన కథ బరువెక్కి, మధ్యమధ్య టూరెట్ పక్కకు తప్పుకుంటుంది. నయోమి కూడా చాలాచోట్ల శామ్‌కు అవసరమైనప్పుడల్లా ప్రత్యక్షమయ్యే మనిషిలాగే మిగిలిపోతుంది.

2017లో వచ్చిన ఎల్లీ టెరీ 'ఫర్గెట్ మీ నాట్' నాకు వీటన్నిటిలోకీ ఎక్కువ నచ్చిన పుస్తకం. టెరీకి కూడా టూరెట్ ఉంది. కలైయపీ జూన్ అనే అమ్మాయి, ఆకాశం, నక్షత్రాలంటే ప్రాణం. తల్లికి కొత్త స్నేహం కుదిరినప్పుడల్లా, చెడినప్పుడల్లా ఊరు మారడమే, మళ్ళీ కొత్త బడే. ప్రతి కొత్త బడిలో కలైయపీ తన టిక్స్‌ను దాచాలని చూస్తుంది. కొన్నాళ్ళకు బయటపడుతుంది. పక్కింటి జిన్‌సాంగ్ బడిలో విద్యార్థి నాయకుడు, అందరికీ కావలసినవాడు. వాడికి ఆమె స్నేహం నచ్చింది. నలుగురి ముందూ ఆ స్నేహాన్ని ఒప్పుకునే ధైర్యం ఉందా లేదా అన్నది వాడి కథ.

టెరీ చేసిన తెలివైన పని ఏమిటంటే, కలైయపీ భాగాలను చిన్న చిన్న కవితలుగా, జిన్‌సాంగ్ భాగాలను మామూలు వచనంగా రాయడం. మొదట ఇది ఈ మధ్య పిల్లల పుస్తకాల్లో వచ్చిన ఫ్యాషనేమో అనుకునే ప్రమాదముంది. నాలుగు పేజీలు చదివితే సంగతి వేరని తెలుస్తుంది. చిన్న పాదం దగ్గర ఊపిరి ఆగుతుంది, పాదం విరిగినచోట ఏదో తన్నుకొస్తుంది. ఖాళీ జాగా ఆమె బిగబట్టుకున్న క్షణం. జిన్‌సాంగ్ వాక్యాలు మాత్రం ఒళ్ళు గుర్తుకు రానివాడి వాక్యాల్లా నిశ్చింతగా సాగుతాయి. అతనికి ఆపుకోవాల్సిందేమీ లేదు మరి. ఇద్దరి బతుకుల్లో తేడా ఏమిటో వివరించే ఒక్క వాక్యం కూడా రాయకుండానే పుట మీద కళ్ళకు కనబడేలా చేసింది రచయిత్రి. లెథమ్ వాక్యంలో చేసిన పనికి పిల్లల సాహిత్యంలో దొరికిన సమాధానం ఇదని నేననుకుంటాను.

ఇంకొక సంగతి. కలైయపీ తల్లి టిక్స్‌ను దాచమంటుంది, ప్రేమ లేక కాదు, కూతురు నవ్వులపాలవుతుందేమోనని. 'ఐసీ స్పార్క్స్'లో పిల్ల తనంతట తాను దాచింది, ఇక్కడ దాచమని చెప్పేది అమ్మ. ఈ రెండు కథలు జరిగే కాలాల మధ్య కొన్ని దశాబ్దాలున్నాయి. ఈలోగా జబ్బు పేరు పదిమందికీ తెలిసింది, డాక్టర్లొచ్చారు, పుస్తకాలొచ్చాయి. దాచుకోవడం మాత్రం పోలేదు.

అదే 2017లో డస్టీ బౌలింగ్ 'ఇన్‌సిగ్నిఫికెంట్ ఈవెంట్స్ ఇన్ ద లైఫ్ ఆఫ్ ఎ కాక్టస్' వచ్చింది. కథ చెప్పేది చేతులు లేకుండా పుట్టిన ఏవన్ గ్రీన్. తల్లిదండ్రులు అరిజోనా ఎడారిలో ఒక పాతబడ్డ వినోద పార్కు నడపడానికి కాన్సాస్ నుంచి వలస వస్తారు. అక్కడ ఆమెకు దొరికిన స్నేహితుడు కానర్‌కు టూరెట్ ఉంది, మొరుగుతాడు. ఈ జోడీలో ఒక అంతరార్థం ఉంది. ఏవన్ వైకల్యం చూడగానే కనబడుతుంది, దాచుకునే వీలు లేదు. కానర్‌ది దాచుకునే ఆశ పెడుతుంది, ఆ ఆశే అతన్ని తినేస్తుంది. జనంలోకి రావడానికే జంకుతాడు. ఏవన్ అతన్ని టూరెట్ ఉన్న పిల్లల సహాయక బృందం దగ్గరికి లాక్కుపోయే భాగం పుస్తకంలో బాగా పండింది. తనలాంటివాళ్ళను మొదటిసారి చూసినప్పుడు పిల్లవాడికి కలిగే బెరుకు, వెంటనే వచ్చే తేలిక, రెండూ ఉన్నాయందులో. కానర్ కథను ఏవన్ కళ్ళతోనే చూస్తాం కనుక లోపలి తహతహ మనకు అందదు. అయినా పుస్తకం నవ్విస్తుంది. ఈ తరహా పుస్తకాల్లో నవ్వు అరుదు, నిజజీవితంలో టూరెట్ ఉన్న పిల్లలు తమలో తాము బాగానే నవ్వుకుంటారు.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మార్షా బ్యాలిక్ 'క్విట్ ఇట్' (2002) ఏడో తరగతి అమ్మాయి క్యారీ కథ. చిన్న పుస్తకం, నిజాయితీ ఉంది, లోతు లేదు. జేమ్స్ ప్యాటర్సన్, హాల్ ఫ్రీడ్‌మన్ కలిసి రాసిన 'మెడ్ హెడ్' (2010) హాల్ కొడుకు కోరీ నిజ జీవితం. రెండేళ్ళ ముందు పెద్దల కోసం వచ్చిన పుస్తకానికి ఇది కుర్రకారు రూపం. ఒక మందు మార్చి ఇంకో మందు, ఆ మందు తెచ్చిన బాధకు మరో మందు, ఇలా ఏళ్ళ తరబడి సాగిన వైద్యం చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. పేజీలు వేగంగా తిరుగుతాయి. ప్యాటర్సన్ పుస్తకం కదా, ఆగి చూసే తీరిక దానికి లేదు.

ఈ కోవ పుస్తకాలన్నిట్లో పదేపదే ఎదురయ్యే సన్నివేశం ఒకటుంది. పిల్లవాడు క్లాసు ముందో, స్టేజీ మీదో నిలబడి తన జబ్బు గురించి చెబుతాడు. అందరూ నిశ్శబ్దంగా వింటారు. తర్వాత లోకం మారిపోతుంది. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఒక నిజమైన ఘటన. బ్రాడ్ కోహెన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడి చిన్నతనంలో హెడ్‌మాస్టరు అతన్ని బడి కచేరీకి పిలిచి, అందరి ముందూ స్టేజీ ఎక్కించి, ఎందుకు శబ్దాలు చేస్తున్నాడో చెప్పించాడు. కోహెన్ జీవితం నిజంగానే ఆ రోజుతో మలుపు తిరిగింది. పెద్దయ్యాక టీచరు ఉద్యోగానికి వెళితే 24 బడులు కాదన్నాయి, 25వది తీసుకుంది. ఆయన ఆత్మకథ 'ఫ్రంట్ ఆఫ్ ద క్లాస్' 2005లో వచ్చింది, 2008లో టీవీ సినిమా అయింది, 2018లో దాని ఆధారంగానే హిందీలో రాణీ ముఖర్జీ 'హిచ్‌కీ' వచ్చింది. మన దగ్గర చాలామందికి టూరెట్ అనే పేరు తెలిసింది ఆ సినిమాతోనే.

ఆ హెడ్‌మాస్టరు చేసినది గొప్ప పని. నాకు పేచీ ఆ ఘటనతో కాదు, అది సూత్రంగా మారడంతో. నవలలో ఆ ఉపన్యాసం చివరి అధ్యాయంలో వస్తే, అర్థం చేసుకోవడం అనేది ఒక్క మధ్యాహ్నంలో అయిపోయే పనని పిల్లలు నమ్ముతారు. నిజంలో ఉపన్యాసం తర్వాత సోమవారం వస్తుంది, కొత్త టిక్ వస్తుంది, కొత్త టీచరు వస్తుంది, మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి. పైగా చెప్పుకోవాల్సిన బరువంతా జబ్బు ఉన్న పిల్లవాడి మీదే పడుతోంది. వినేవాళ్ళు కూర్చుని వింటే చాలు. ఉపన్యాసాన్ని పుస్తకం మధ్యలో పెట్టి, ఆ తర్వాతి ఆర్నెల్ల కథను రాసే రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.

ఈ నవలలు ముట్టుకోని సంగతులు ఇంకా ఉన్నాయి. టిక్స్ పెరుగుతాయి, తగ్గుతాయి, ఒకటి పోయి మరొకటి వస్తుంది. కొన్ని వారాలు పూర్తిగా శాంతించి, పరీక్షల ముందో, ఏ కారణమూ లేకుండానో మళ్ళీ ఎగసిపడతాయి. కథకు పైకి తీసుకెళ్ళే మెట్లు కావాలి కాబట్టి రచయితలు ఈ హెచ్చుతగ్గుల్ని చదును చేసేస్తారు. టూరెట్‌తో పాటు చాలామంది పిల్లలకి ఏకాగ్రత లోపమో, అదే పని మళ్ళీ మళ్ళీ చేయాలనిపించే ఓసీడీయో ఉంటుంది, ఆ పిల్లల్ని అడిగితే టిక్స్ కన్నా అవే ఎక్కువ బాధపెడతాయంటారు. వాటి ఊసు అంతంతమాత్రం. వైద్యం సంగతీ అంతే. టిక్ రాబోతున్న తహతహను గుర్తుపట్టి, దానికి అడ్డుపడే మరో కదలికను అలవాటు చేసే శిక్షణ ఒకటుంది. 2010లో 126 మంది పిల్లల మీద జరిపిన అమెరికన్ పరిశోధనలో ఈ శిక్షణ పొందినవాళ్ళలో సగానికి పైగా మెరుగుపడ్డారు. మామూలు సలహాలు, ధైర్యవచనాలు మాత్రమే అందిన పిల్లల్లో ఆ వంతు ఐదోవంతుకు కాస్త తక్కువే. ఒక కుర్రాడు ఇంట్లో అద్దం ముందు కూర్చుని రోజూ ఈ సాధన చేయడం ఎంత మంచి కథావస్తువు! నవలల్లో మాత్రం ఇంకా మాత్రలో, మహిమలో, ఉపన్యాసాలో తప్ప నేర్చుకోవడం కనబడదు.

2020, 2021లలో, కరోనా కాలంలో, చాలా దేశాల్లో న్యూరాలజిస్టుల దగ్గరికి టీనేజీ అమ్మాయిలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఉన్నట్టుండి తీవ్రమైన టిక్ లాంటి కదలికలు, మాటలు. చాలామంది అప్పటికి టూరెట్ వీడియోలు విపరీతంగా చూస్తున్నవాళ్ళు. ఇది టూరెట్ కాదని, వేరే దారిన వచ్చే సమస్య అని వైద్యులు గుర్తించారు. అయితే ఆ అమ్మాయిలు నటించలేదు, వాళ్ళ బాధ నిజం. ఒంటరితనం, భయం, ఫోను, ఒళ్ళు కలిసి ఏం చేశాయో చెప్పే నవల ఒకటి రావాలి. ఆ పుస్తకం రాయాలంటే చాలా జాగ్రత్త కావాలి. ఒక్క అడుగు తప్పినా నిజంగా టూరెట్ ఉన్న పిల్లల్ని "ఫోను చూసి నేర్చుకున్నావు" అని గద్దించేవాళ్ళకు ఆయుధం ఇచ్చినట్టవుతుంది.

మన దగ్గర ఆ గద్దింపు ఇంకో రూపంలో ఉంది. "ఎక్కిరిస్తున్నావా?", "వెకిలి చేష్టలు మానవా?" ఇంట్లో దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు, గాలి సోకిందంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది, అందులో టూరెట్ పేరు విడిగా లేదు. ఇక్కడి పిల్లవాడికి ఈ అమెరికన్ నవలలు కొంతవరకే అందుతాయి. లాకర్లు, లంచ్‌రూమ్, ఎడారి పార్కు అతనివి కావు. అతనిది ఇంటర్మీడియట్ హాస్టల్లో స్టడీ అవర్. అరవై మంది వరసగా కూర్చుని, ఫ్యాను చప్పుడు తప్ప మరేదీ వినబడకూడని గంటలు. గొంతులోంచి చిన్న శబ్దం వస్తే వార్డెన్ తలెత్తుతాడు. ఆపుకునే చాకిరీకి ఇంతకన్నా కఠినమైన చోటు కెంటకీ కొండల్లోనూ లేదు. పైగా ఇక్కడ ఐసీకి దొరికిన నేలమాళిగ కూడా లేదు, పడుకునే గదిలోనూ నలుగురుంటారు.

ఇలాంటి కథ చెప్పే గొంతు తెలుగుకు కొత్తది కాదు. పిల్లవాడి నోటితోనే లోకాన్ని చెప్పించడం ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'లో చూశాం. పల్లె పిల్లవాడి మాటల్లో ఆకలినీ, అమ్మనీ, అల్లరినీ నామిని 'సినబ్బ కతలు'లో విన్నాం. తన యాసలో, తన పొగరుతో, తన భయంతో మాట్లాడే పిల్లవాడు మన వచనంలో ఎప్పుడో నిలబడ్డాడు. వాడికి పదిహేనేళ్ళొచ్చి, మెడ విదిలింపును కాలరు సర్దుకోవడంలా, గొంతు చప్పుడును దగ్గులా మార్చి మేనేజ్ చేసే విద్య నేర్చుకుంటే ఆ కథ ఎలా ఉంటుందో రాయవలసినవాళ్ళు రాయాలి. వైద్యం తెలిసినవాళ్ళు పక్కన ఉండి సరిచూడవచ్చు. రాయాల్సింది మాత్రం ఆ చాకిరీ చేసినవాళ్ళో, చేసేవాళ్ళతో కలిసి బతికినవాళ్ళో అయితే మేలు.

అంతదాకా ఇంగ్లీషు చదవగలిగే పిల్లలకు ఇవ్వదలిస్తే, పది పన్నెండేళ్ళవాళ్ళకు ముందు 'ఫర్గెట్ మీ నాట్' ఇవ్వండి. టూరెట్ ఉన్న పిల్లకే కాదు, ఆమె పక్క బెంచీలో కూర్చునే పిల్లవాడికీ ఇవ్వండి. జిన్‌సాంగ్ భాగాలు వాడికోసమే రాసినట్టుంటాయి. కాస్త నవ్వుకోవాలంటే బౌలింగ్ కాక్టస్ పుస్తకం, దాని తర్వాతి భాగం 2019లో వచ్చింది. పదహారు దాటినవాళ్ళకు, లోపల కోపం పెట్టుకున్నవాళ్ళకు 'జెర్క్, కాలిఫోర్నియా'. 'ఐసీ స్పార్క్స్', 'మదర్‌లెస్ బ్రూక్లిన్' మాత్రం అమ్మానాన్నలకీ, టీచర్లకీ. 'మెడ్ హెడ్'ను కొత్తగా జబ్బు తెలిసిన కుటుంబానికి మొదటి పుస్తకంగా ఇవ్వకండి. అందులో ఉన్నంత తీవ్రత అందరికీ రాదు. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్ళు అనవసరంగా హడలిపోతారు.